‘కెన్’ ఎవరిది, ‘మస్ట్’ ఎవరిది?

మా సంఘంలో ఇంగ్లీషు రానివాళ్ళమే ఎక్కువ. కానీ ఫండింగ్ ఏజెన్సీలకు రిపోర్టులు ఇంగ్లీషులోనే పంపాలి. కోర్టునుంచి మన చేతికొచ్చే కాగితాలూ చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. అందుకని పోయినేడు మేము ఏడుగురం ఒక స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలో చేరాం. నలభై ఆరేళ్ళ వయసులో బెంచీమీద కూర్చోవటానికి మొదట సిగ్గుపడ్డమాట నిజం.

రెండోవారంలో సహాయక క్రియలు వచ్చాయి. కెన్, మే, మస్ట్, షుడ్, షల్. మాస్టారు బోర్డుమీద ఐ, వి, యూ, హి, షి, దే అని నిలువుగా రాసి, ప్రతిదానికీ ఎదురుగా కెన్ అని రాశారు. హి గోస్, షి గోస్ అని ముందువారమే బట్టీపట్టిన మాకు ఆశ్చర్యమేసింది. హి పక్కన చేరినా షి పక్కన చేరినా కెన్‌కు ‘ఎస్’ అంటదు. పక్కనున్నది ఎవరని ఈ మాట అడగదు. నాకు నిజంగా సంతోషం కలిగింది. మన తెలుగులో అట్లా కాదు కదా! అతను చేయగలడు, ఆమె చేయగలదు, గేదే చేయగలదు, యంత్రమూ చేయగలదు. చిన్నయసూరి బాలవ్యాకరణం ఆడవాళ్ళనూ, జంతువులనూ, జడపదార్థాలనూ తీసేసి మిగిలినవాళ్ళకే మహత్తు అని పేరుపెట్టింది. ఎవరైనా గౌరవించి ‘వచ్చారు’ అంటే సరే, లేకపోతే ఆ మాట అనిపించుకోవటానికి మనం కనీసం ఇద్దరం కలిసి వెళ్ళాలి. (సంఘం పెట్టుకోమని వ్యాకరణమే చెబుతోందని మావాళ్ళు నవ్వుతుంటారు.)

నా సంతోషం పేజీ తిప్పేదాకానే. అభ్యాసంలో ఇచ్చిన వాక్యాలు ఇవి: హి కెన్ డ్రైవ్ ఎ కార్. షి కెన్ కుక్ వెల్. హి మే బికమ్ ఎ కలెక్టర్. షి మస్ట్ కమ్ హోమ్ బిఫోర్ సిక్స్. ఇంకో పేజీలో బొమ్మ. అమ్మాయి ‘మే ఐ గో?’ అని అడుగుతుంది, తండ్రి ‘యూ మే’ అంటాడు. నలభై వాక్యాలు లెక్కపెట్టాను. హి తో మస్ట్ ఉన్నది ఒక్కటే. అది కూడా డాక్టరు చెప్పిన మందులు వేసుకోవాలని. లేచి అడిగితే మాస్టారు, “అమ్మా, ఇవి ఉదాహరణలు మాత్రమే, మీరు గ్రామర్ చూడండి” అన్నారు.

గ్రామరే చూశానండీ మాస్టారూ. గ్రామరు అందరికీ ఒకే కెన్, ఒకే మస్ట్ ఇచ్చింది. కారు అతనికీ, ఆరుగంటలు ఆమెకీ పంచింది వాక్యం రాసినవాళ్ళు. స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం దగ్గర ఇంత గొడవెందుకు అంటారా? ఇదే పంపకం చట్టంలో జరిగినప్పుడు ఏమవుతుందో చూడండి.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ ఎనిమిదో సెక్షన్‌లోనే, హి అంటే మగవాళ్ళూ ఆడవాళ్ళూ అని రాసుకున్నారు. అంటే నేరం చేస్తే ఆ హి లో మనం ఉన్నాం. 1897 జనరల్ క్లాజెస్ యాక్టు కూడా పుంలింగంలో స్త్రీలింగం చేరుతుందని చెప్పింది. మరి 1916లో రెజీనా గుహ న్యాయశాస్త్రం చదివి, ప్లీడరుగా నమోదు చేయమని అడిగితే కలకత్తా హైకోర్టు కుదరదంది. వకీలయ్యే హి లో మనం లేమన్నమాట! ఆ తలుపు తెరవటానికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయసంహిత ఈ నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కూడా చేర్చింది. మంచిదే. కానీ చేర్చింది హి లోనే.

మన కోసమని తెచ్చుకున్న 2005 గృహహింస చట్టాన్నే తీసుకోండి. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి సాధించుకున్నది, నేను తక్కువ చేయను. కానీ 23వ సెక్షన్‌లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే మెజిస్ట్రేటు హి. ఆ హి పక్కన ఉన్నది మే. ఆయనకు సబబని తోస్తే ఇవ్వవచ్చు. అరవై రోజుల్లో కేసు ముగించాలన్నచోట షల్ ఉంది కదా అని సంబరపడబోతే దాని వెనకే ‘ప్రయత్నించాలి’ అని మరో మాట. ప్రయత్నించామంటే ఎవరు కాదనగలరు?

షల్ ఒంటరిగా ఉన్నచోటైనా అది పనిచేయటానికి ఎంతకాలం పట్టిందో! నేర సమాచారం వస్తే పోలీసులు రాసుకోవలసిందే అని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ షల్ తోనే చెప్పింది. దాన్ని స్టేషన్లలో మే లాగానే చదువుతూ వచ్చారు. “చూద్దాంలే అమ్మా, ముందు మీ ఆయన్ని పిలిపిస్తాం” అన్న మాట మనలో వినని కార్యకర్త ఉందా? తప్పిపోయిన బాలిక లలితాకుమారి తండ్రి వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, షల్ అంటే షల్లే, ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సిందే అని తీర్పిచ్చింది. అయితే ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చునని కొన్ని రకాల కేసులను మినహాయించింది. ఆ జాబితాలో దాంపత్య, కుటుంబ వివాదాలున్నాయి. షల్ వీధిలో నడిచివచ్చి మన గడపదగ్గర మళ్ళీ మే అయింది.

ఇదంతా పైవాళ్ళ పాపమని రాసి చేతులు కడుక్కోవాలనే ఉంది. కానీ తరగతి అయిపోయాక మా సంఘం పాత రిపోర్టులు తీసి చదువుకున్నాను. వి షుడ్ ఎంపవర్ దెమ్. దే మస్ట్ బి మేడ్ అవేర్. ప్రతి పేజీలో షుడ్, మస్ట్ తప్ప ఆ దే పక్కన ఒక్క కెన్ కనబడలేదు. పొదుపు గ్రూపుల్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు నడుపుతున్న ఆడవాళ్ళ గురించి మనం రాసుకున్నది ఇదా? వాళ్ళకు తెలియజేయబడాలి! ఎవరు తెలియజేస్తారో ఆ వాక్యంలో పేరు కూడా లేదు.

పోయిన నెల ఊళ్ళో మీటింగు పెట్టి, కొత్త రిపోర్టు ముసాయిదాను తెలుగులో చదివి వినిపించాను. ‘వి మస్ట్ డిసైడ్’ అన్నచోట ‘మేము నిర్ణయించాలి’ అని చదివాను. వెనక కూర్చున్న ఒకావిడ ఆపింది.

“మేమంటే ఎవరక్కా? మీ ఆఫీసోళ్ళా? మనం అని ఎందుకు రాయలే?”

ఇంగ్లీషులో రెంటికీ ఒకటే వి, అందుకే అట్లా చదివానని చెప్పబోయి ఆగాను. ఇంగ్లీషు రెంటికీ చోటిచ్చింది. మేము అని చదివింది నేను. ఆ రాత్రి ముసాయిదాలోని ముప్ఫై ఒక్క ‘వి’ల కిందా ఎర్ర గీత పెట్టి, ఏది మనమో ఏది మేమో తేల్చమని కమిటీకి ఇచ్చాను. ఇంతవరకు తొమ్మిది తేలాయి.