అడవి కాచిన వెన్నెల వృథా అన్నదెవరు?

మేము ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివే రోజుల్లో తెలుగు పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. 'అడవి కాచిన వెన్నెల' అనే జాతీయాన్ని సొంత వాక్యంలో రాయమన్నారు. మాలో ఒకడు ఇలా రాశాడు: "అడవి కాచిన వెన్నెలలో మా అమ్మ ఇప్పపువ్వు ఏరింది." మాస్టారు ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి సున్నా పెట్టారు. "అడవి కాచిన వెన్నెల అంటే వృథా అయిపోయింది అని అర్థం రా! అడవిలో వెన్నెల కాస్తే ఎవడు చూస్తాడు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం.

ఎవడు చూస్తాడంటే మేము చూస్తాం. ఇప్పపువ్వు రాత్రి రాలడం మొదలుపెట్టి పొద్దెక్కే దాకా రాలుతుంది. ఎలుగుబంటికి అదంటే ప్రాణం. చీకట్లోనే గంప పట్టుకుని చెట్టు కిందికి పోయే ఆడవాళ్ళకు ఆ వెన్నెలే లాంతరు. పువ్వు కనిపించేదీ ఆ వెలుతురులోనే, ఎలుగు దూరంగా ఉండగానే కనిపించేదీ ఆ వెలుతురులోనే. పండగ రోజుల్లో థింసా ఆడేదీ దాని కిందే. అయినా ఆ వాక్యానికి సున్నా వచ్చింది. వాడు రాసింది అబద్ధమా? కాదు. నిఘంటువు రాసినవాడికి అడవిలో మనుషులు కనిపించలేదు, అంతే.

"సామెతే కదా, దీనికింత రాద్ధాంతమా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. చేస్తాం. సామెత గాలిలోంచి పుట్టదు. దాన్ని పుట్టించినవాడు ఎక్కడో ఒకచోట నిలబడి లోకాన్ని చూస్తాడు. 'దూరపు కొండలు నునుపు' అన్నవాడు ఎక్కడ నిలబడ్డాడు? మైదానంలో. కొండ మీద పుట్టినవాడు ఆ మాట అనలేడు. వాడి అరికాలికి ప్రతి రాయీ తెలుసు. డోలీలో గర్భిణిని మోసుకుని దిగినవాడి భుజానికి కొండ ఎంత నునుపో ఇంకా బాగా తెలుసు. అదే సామెతను ఇప్పుడు మనం తిప్పి చదవాలి. రాజధానిలో కూర్చుని మన గూడేలకు పథకాలు రాసేవాళ్ళకు మన కొండలు నునుపుగానే కనిపిస్తున్నాయి. అందుకే రోడ్డు కాగితం మీద పూర్తవుతుంది, అంబులెన్సు వాగు అవతలే ఆగిపోతుంది.

తెలుగు సామెతలను పుస్తకంగా కూర్చే పని ఇవాళ్టిది కాదు. 1868లోనే కార్ అనే ఆంగ్లేయ సైనికాధికారి మద్రాసులో రెండు వేలకు పైగా తెలుగు సామెతలను అచ్చువేయించాడు. ఆ తర్వాత ఎందరో పండితులు సంపుటాలు తెచ్చారు. వాటిలో రెడ్డి ఉన్నాడు, కరణం ఉన్నాడు, అత్తాకోడళ్ళు ఉన్నారు, పూజారీ పురోహితుడూ ఉన్నారు. మనం ఎక్కడున్నాం? ఉంటే వెక్కిరింపులో ఉన్నాం. మర్యాద తెలియనివాణ్ణి 'అడవి మనిషి' అంటారు. తల దువ్వుకోని పిల్లను 'కొండ దిగి వచ్చావా?' అంటారు. ఆ మాట అన్నది పక్కింటివాడైతే దులుపుకుపోవచ్చు. బడిలో పంతులు అంటే పిల్ల మర్నాటి నుంచి బడికి రాదు. మన ఊళ్ళలో బడి మానేసిన పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడగండి. సగం కథలు ఇలాంటి ఒక మాట దగ్గరే మొదలవుతాయి.

మాటతో ఆగితే అదొక బాధ. మాట చట్టమైతే ఇంకొక బాధ. అడవిలో ఎవరూ లేరన్న నమ్మకమే 1882 మద్రాసు అటవీ చట్టానికీ, 1927 భారత అటవీ చట్టానికీ పునాది. అడవి సర్కారుది, అందులో ఉన్నవాడు ఆక్రమణదారు. తాతల నాటి పోడు ఒక్క గీతతో నేరమైపోయింది. కొన్ని కులాలవాళ్ళు పుట్టుదొంగలన్న నమ్మకం 1871లో నేరస్థ తెగల చట్టమై కూర్చుంది. ఎరుకల సోదరులను స్టువర్టుపురంలాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. ఆ చట్టం 1952లో రద్దయింది. నోళ్ళలోని మాట మాత్రం ఇంకా రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఎవరి గుడిసె తలుపు తడుతున్నారో మనందరికీ తెలుసు.

అడవిలో మనుషులున్నారని, వాళ్ళకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఈ దేశం చట్టంలో రాసుకోవడానికి 2006 దాకా పట్టింది. అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఆ మాట ఉంది. అంటే మా స్నేహితుడు ఏడో తరగతిలో రాసిన వాక్యం తప్పు కాదని పార్లమెంటు ఒప్పుకుంది. ఎర్రసిరా గీత కొట్టిన మాస్టారికి ఆ కబురు ఇంకా అందలేదు.

అలాగని సామెతలన్నిటినీ వాగులో పారేయమని మేము అనడం లేదు. ఏలేవాణ్ణి వెక్కిరించడానికి పేదవాడికి దొరికిన మొదటి ఆయుధం సామెతే. మన అనుభవానికి సరిపోయే సామెతలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. మనం వాటిని మన పొలంలోకి తెచ్చుకోవాలి.

'కంచే చేను మేసినట్టు' అంటారు. ఏజెన్సీలో ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుడి చేతికి పోకూడదని 1959లో నిబంధన చేశారు. 1970లో దాన్ని బిగించారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటున్నది దాన్నే. కంచె మంచిదే. కాపలా కాయవలసినవాడే గేటు తాళం చెవి అమ్ముకుంటే కంచె ఉండి ఏం లాభం?

'దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు' అంటారు. పోడు భూమికి హక్కు పత్రం ఇమ్మని చట్టం వరమిచ్చింది. సర్వే చేసే మనిషి రాడు, వచ్చినా ఐదెకరాలు దున్నుతున్నవాడికి ఎకరంన్నర రాసిపోతాడు. దరఖాస్తు ఎందుకు తిరగ్గొట్టారో కాగితం మీద రాసివ్వమంటే పూజారికి కోపమొస్తుంది.

'కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు' అంటారు. ఇది పాతబడిపోయింది. ఇవాళ కొండను తవ్వేవాళ్ళు ఎలుక కోసం రావడం లేదు, బాక్సైటు కోసం వస్తున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు లేకపోతే తవ్విన మట్టి వాళ్ళకూ, ఎలుక మనకూ మిగిలేవి.

'కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు' అంటారు. మన బడుల కథ అచ్చం ఇదే. ఇంట్లో కోయో, కువియో, గోండో, కొలామీయో మాట్లాడే పిల్లకు ఒకటో తరగతిలోనే వేరే భాషలో పాఠం మొదలుపెడతారు. చదువు అనే మందు వేస్తున్నారు, నాలుక ఊడిపోతోంది. ఆ నాలుక తెలిసిన పంతుళ్ళు ఉండాలనే 2000 సంవత్సరంలో మూడో నంబరు జీవో ఇచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్నారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. పిల్ల మాట అర్థమయ్యే పంతులు కావాలన్న అవసరాన్ని మాత్రం ఏ కోర్టూ కొట్టేయలేదు. అది అలాగే ఉంది. ఆ అవసరానికి మరో దారి వెతకమని అడగవలసింది మనమే.

ఇంతవరకు చదివి మన యువకులు చప్పట్లు కొట్టవచ్చు. ఆగండి. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాం. ఇది మనకు మింగుడుపడని సంగతి.

కొన్నేళ్ళ కిందట మాలో ఒకరి ఊళ్ళో రాతి క్వారీ గురించి గ్రామసభ పెట్టారు. చింతచెట్టు కింద బల్ల, బల్ల మీద రిజిస్టరు, బిస్కట్లు, టీ. వచ్చిన అధికారి కొండను లీజుకిస్తే ఊరికి ఏమేమి వస్తాయో చదివి వినిపించాడు. చివర కూర్చున్న తాత ఒకాయన చుట్ట తీసి నెమ్మదిగా అన్నాడు: "అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది బాబూ!" సభంతా ఘొల్లున నవ్వింది. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. "తాత భలే చెప్పాడు" అని మెచ్చుకున్నాడు. తర్వాత అందరూ వరసగా వచ్చి రిజిస్టరులో వేలిముద్రలు వేసి, సంతకాలు చేసి వెళ్ళారు. హాజరు కోసం అన్నారు. పై పేజీ ఖాళీగా ఉంది. ఆరు నెలలకు మిషన్లు వచ్చాయి. ఏమిటిదని అడిగితే తీర్మానం చూపించారు. 'గ్రామసభ ఏకగ్రీవంగా ఆమోదించింది.' కింద మన సంతకాలే ఉన్నాయి, తాత వేలిముద్ర కూడా ఉంది. తాత అన్న సామెత మాత్రం ఎక్కడా లేదు.

ఆ రోజు అధికారి ఎందుకు నవ్వాడో మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మనం నవ్వినంతసేపూ ఆయనకు భయం లేదు. నవ్వితే కడుపులో మంట చల్లారుతుంది. చల్లారిన తర్వాత మనిషి సంతకం పెడతాడు. మన పెద్దల చమత్కారాన్ని తక్కువ చేసి మేము ఈ మాట అనడం లేదు. ఆ ఊళ్ళో నిజం చెప్పినవాడు ఆ తాత ఒక్కడే. తప్పు చదువుకున్న మనది. తాత నోటి నుంచి వచ్చిన మాటను రిజిస్టరులోకి ఎక్కించవలసిన పని మనది. ఆ పని చేయకుండా మనమూ నవ్వాం. కొందరం ఆ నవ్వును ఫోనులో వీడియో కూడా తీసుకున్నాం.

గ్రామసభ చిన్న విషయం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్నతరహా ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం జరిగే గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఈ రెండు ముక్కలు తెలిసిన యువకుడు ఒక్కడున్నా ఆ చింతచెట్టు కింద లెక్క వేరుగా ఉండేది.

అలా లెక్క మార్చినవాళ్ళు మన పొరుగునే ఉన్నారు. ఒడిశాలో నియంగిరి కొండ మీద డోంగ్రియా కోందులు ఉన్నారు. బాక్సైటు తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు పల్లెల్లో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. వాళ్ళకూ పాటలున్నాయి, పొడుపు మాటలున్నాయి. అయితే వాళ్ళు 'కొండ మా దేవుడు' అన్న మాటను పాటలోనే వదిలిపెట్టలేదు, జడ్జి ముందు చెప్పి కాగితం మీదికి ఎక్కించారు. అందుకే ఆ కొండ అక్కడ ఉంది.

ఇంకో చేదు మాట కూడా చెప్పుకోవాలి. సర్కారును వెక్కిరించే సామెత మన నోట్లో ఎంత తేలిగ్గా ఆడుతుందో, మనల్ని వెక్కిరించే సామెత అంత కష్టంగా ఆడుతుంది. వ్యాపారి పెట్టుబడి పెడితే మన పేరు మీద భూమి కొనుక్కోనిచ్చేవాడు మనలోనే ఉన్నాడు. అది కొరివితో తల గోక్కోవడం కాదా? పక్క గూడెంవాడి పోడు పోతుంటే 'మన ఊరిది కాదులే' అని ఊరుకునేవాడు, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడు కాదా? ఓట్ల ముందు రోజు సీసాకు అమ్ముడుపోయి, ఐదేళ్ళు నాయకుణ్ణి తిట్టేవాడిది చేతులు కాలాక ఆకులు పట్టుకున్న తీరు కాదా? పాలకుడి మీద వేసిన సామెత మన వీపుకు కూడా తగిలితేనే దానికి పదును ఉన్నట్టు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం ఇది. జాతీయాలూ సామెతలూ చెప్పే పాఠం వచ్చినప్పుడు అర్థం బట్టీ పట్టించి వదిలేయకండి. మూడు ప్రశ్నలు వేయించండి. ఈ మాట ఎవరు అన్నారు? ఎవరి గురించి అన్నారు? ఎక్కడ నిలబడి అన్నారు? ఆ తర్వాత పిల్లలను సెలవుల్లో ఇంటికి పంపి, తాతల దగ్గర, అవ్వల దగ్గర ఇంటి భాషలో ఉన్న మాటలు తలా ఐదు రాసుకు రమ్మనండి. తెలుగు లిపిలో రాసినా సరే. సంతలో దళారి గురించి, ఫారెస్టు గార్డు గురించి, సోమరి అల్లుడి గురించి మన అవ్వలు అనే మాటలు అచ్చులో ఎక్కడా లేవు. ఆ అవ్వలు పోతే ఆ మాటలు పోతాయి. ఒక్కో బడి నుంచి ఒక్కో నోటు పుస్తకం వచ్చినా చాలు, పండితుల సంపుటాలకు మనం చేర్చగలిగింది ఎంతో తెలుస్తుంది.

యువకులకు చెప్పేది ఇంకా చిన్నది. సభలో పెద్దాయన సామెత చెబితే నవ్వండి. నవ్వి, లేచి నిలబడండి. "ఈ మాట రిజిస్టరులో రాయండి, రాశాకే సంతకం పెడతాం" అనండి. రాయనంటే సంతకం పెట్టకండి. రాస్తే, చదివించుకుని ఫోటో తీసుకోండి. ఖాళీ పేజీ కింద వేలిముద్ర వేయబోయే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపండి. ఆమెకు కోపం వస్తే రానివ్వండి.

ఆ రోజు సున్నా తెచ్చుకున్న మా స్నేహితుడు ఇప్పుడు ఏజెన్సీలోనే పంతులు. పోయినేడు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్ల సమాధానం కనిపించిందని చెప్పాడు. "అడవి కాచిన వెన్నెలలో మా నాన్న పంట కాపలా కాశాడు" అని రాసిందట. వాడు చాలాసేపు ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాడట. మార్కులు వేశావా అని అడిగాం. "వేశాను. పక్కన పుస్తకంలో అర్థం కూడా రాశాను. రెండూ తెలియాలి కదా, పైతరగతిలో దిద్దేది నేను కాదు" అన్నాడు.