కానుపునకు ముందే అడుగవలసిన మాట

థామ్సన్ రోడ్డులోని మౌంట్ అల్వెర్నియా ఆస్పత్రిని ఫ్రాన్సిస్కను సంఘపు మఠకన్యలు 1961లో తెరచిరి. కానుపులకు పేరుపొందిన చోటగుటచే పాసిర్ రిస్ నుండి మన ఆడపడుచులును పోవుచుందురు. అది కతోలిక ఆస్పత్రి. గర్భము తీయుట, పిల్లలు కలుగకుండ ఆపరేషను చేయుట అచ్చట లేదు. 1968లో పోపు ఆరవ పౌలు ఇట్టివానిని నిషేధించుచు లేఖ వెలువరించియున్నారు.

వారి ధర్మము వారిది. మన గుడి వంటశాలలో మాంసము వండుమని ఎవరైన కోరిన మనమొప్పుకొందుమా? అదియుగాక 1920లో గుంటూరునకు వచ్చిన మఠకన్య డాక్టరు మేరీ గ్లోరీ తెలుగు తల్లులకు చేసిన సేవ మరువరానిది.

చిక్కు వేరొకచోట నున్నది. సిజేరియను చేయునపుడే, కడుపు తెరచియుండగనే, ట్యూబులు కట్టవచ్చును. ఇక బిడ్డలు వలదనుకొన్న తల్లి ఈ ఆస్పత్రిలో పురుడు పోసుకొన్నచో, ఆ పనికై మరల వేరొకచోట మత్తుమందు, కోత, ఖర్చు భరింపవలెను. డాక్టరు హిందువైనను సరే, ఆస్పత్రి నియమమే చెల్లును. ఈ సంగతి నెలలు నిండిన పిమ్మట తెలిసిన నేమి ప్రయోజనము? మొదటినాడే, పేరు వ్రాసికొనునప్పుడే, గర్భిణికి నోటితో చెప్పుట ఆస్పత్రికిని డాక్టరునకును విధియని మా అభిప్రాయము. నియమము పాటించుటకు వారికెంత హక్కు కలదో, ముందుగా తెలిసికొనుటకు ఆమెకంత హక్కు కలదు.

1974 నాటి సింగపూరు చట్టము ప్రకారము ఈ ఆపరేషనుకు 21 ఏండ్లు నిండిన స్త్రీ సమ్మతియే చాలును. భర్త సంతకమక్కరలేదు. (అత్తగారి సెలవు మాత్రము మన యిండ్లలో చట్టమునకు మించినదని యెరుగుదుము.) గర్భము తీయుటకు మనస్సొప్పని డాక్టరు తప్పుకొనవచ్చునని చట్టమే చెప్పుచున్నది, తల్లి ప్రాణమునకు ముప్పు వాటిల్లినచో తప్పుకొనరాదనియు చెప్పుచున్నది.

అమెరికాలోని మన పిల్లలకును ఇదే మాట. అచ్చటి కతోలిక ఆస్పత్రులు బిషప్పుల నియమావళికి లోబడియుండును. కొన్నింటి పేరు చూచిన ఆ సంగతి తెలియదు.

తోటలకు కూలికి వచ్చిన మన ముత్తవ్వలకు దొర చూపిన ఆస్పత్రియే గతి. మనకు కండాంగ్ కెర్బావ్ సర్కారు ఆస్పత్రి కలదు, ఇతరములును కలవు. ఐదవ నెల దాటకముందే డాక్టరును రెండు మాటలడుగుడు: మీరు ఏ ఆస్పత్రిలో పురుడు పోయుదురు? అచ్చట చేయని పనులేవి? సీమంతపు ముహూర్తమునకై వచ్చువారిని ఇకమీదట మేమును ఈ సంగతి అడుగుదుము.