గాయపడిన చేతికి ఎన్ని సంతకాలు కావాలి?

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫార్మా కర్మాగారం ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ పరిశ్రమ పేలుడు 50 మందికి పైగా కార్మికుల ప్రాణాలు తీసింది. రెండు చోట్లా ముఖ్యమంత్రులు వచ్చారు, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం మాట వినిపించింది. మన సంఘాలు ఆ ఆదివారాల్లో కన్నీటితో ప్రార్థించాయి. అయినా పాశమైలారంలో ఆనవాళ్లు కూడా దొరకని ఎనిమిది మంది కుటుంబాలు, తమవారు మరణించారని చెప్పే కాగితం కోసమే ఎదురుచూడాల్సి వచ్చింది. దేశమంతా చూస్తున్న ప్రమాదంలోనే పరిస్థితి ఇలా ఉంటే, ఎవరూ చూడని ప్రమాదాల మాటేమిటి?

మన మధ్య ఎక్కువగా జరిగేవి ఆ రెండో రకం ప్రమాదాలే. రైస్ మిల్లు బెల్టులో చెయ్యి పడుతుంది. గ్రానైట్ క్వారీలో రాయి జారి కాలి మీద పడుతుంది. సెంట్రింగ్ చెక్క విరిగి మేస్త్రి నడుము విరుగుతుంది. ఆ వార్త పేపర్లో రాదు, మంత్రి రాడు, కోటి రూపాయల మాట ఉండదు. ఉన్నదల్లా చట్టం. ఆ చట్టం అతని చేతికి అందేలోపు ఎన్ని బల్లలు దాటాలో ఆలోచించడం సంఘంగా మన బాధ్యత అని మేము నమ్ముతున్నాము.

చట్టం ఏమి చెబుతోంది?

పనిలో గాయపడిన వ్యక్తికి యజమాని పరిహారం చెల్లించాలని 1923 నుంచే మన దేశంలో చట్టం ఉంది. యజమాని తప్పు చేశాడని కార్మికుడు నిరూపించనక్కరలేదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందని చూపితే చాలు. ఎంత ఇవ్వాలో కూడా దయాదాక్షిణ్యాలకు వదిలిపెట్టలేదు. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయల జీతం ఉన్న 30 ఏళ్ల కార్మికుని బొటనవేలు తెగిపోయిందనుకుందాం. జీతంలో 60 శాతం 9,000. ఆ వయస్సుకు చట్టం పట్టికలో ఇచ్చిన గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820. బొటనవేలికి పట్టిక 30 శాతం నష్టం అంటుంది. అంటే 5,61,546 రూపాయలు. నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా కూడా ఆ చట్టంలో ఉన్నాయి. 2009 సవరణ ప్రకారం అధికారి మూడు నెలల్లో కేసు తేల్చాలి.

ఈ లెక్క మన సంఘంలో ఎంతమందికి తెలుసు? ఆస్పత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత డబ్బు పెట్టి, తెల్లకాగితం మీద సంతకం చేయించుకుంటే “అయ్యగారు మంచివారు” అని దండం పెట్టి వచ్చేవారే ఎక్కువ. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న అలాంటి కాగితం చెల్లదని కూడా అదే చట్టం చెబుతుంది.

ఫైలు ఎక్కడ ఆగుతుంది?

మొదటి అడ్డంకి, అతను అక్కడ పని చేశాడన్న రుజువు. కూలి చేతికిస్తారు, హాజరు పుస్తకంలో పేరుండదు, యజమాని కాంట్రాక్టర్ను చూపిస్తాడు, కాంట్రాక్టర్ మేస్త్రిని చూపిస్తాడు. యజమాని తన వ్యాపారపు పనినే కాంట్రాక్టుకు ఇచ్చినప్పుడు ఆ కార్మికునికి కూడా అతడే బాధ్యుడని చట్టంలో ఉంది. కానీ రుజువు తెచ్చే భారం మంచం మీదున్నవాని మీదే పడుతుంది.

రెండోది ఆస్పత్రి చీటీ. “ఇంట్లో జారిపడ్డాడు” అని మొదటి రోజు రాయిస్తే, ఆ ఒక్క వాక్యం ఏళ్ల తరబడి అతన్ని వెంటాడుతుంది.

మూడోది శాతాల చిక్కు. పింఛను కోసం సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య శాతం వేరు, పరిహారం కేసులో చూడవలసిన సంపాదనా శక్తి నష్టం వేరు. గుమాస్తాకు ఒక వేలు పోవడం, వడ్రంగికి అదే వేలు పోవడం ఒకటి కాదు. 1968లో ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాల్లో పని చేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు గనుక అది పూర్తి వైకల్యమేననీ, పరిహారం ప్రమాదం జరిగిన రోజునుంచే బాకీ అనీ తేల్చింది. కాని ఆ మాట వినడానికి ఆ వడ్రంగికి ఏడేళ్లు పైగా పట్టింది.

నాలుగోది కాలం. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. మందులకు ఒక ఏడాది, రాజీ మాటలకు ఒక ఏడాది గడిస్తే తలుపు మూసుకున్నట్టే. ఆలస్యానికి తగిన కారణం చూపితే అధికారి మన్నించవచ్చు, అయితే అది మరో పోరాటం.

అధికారులందరూ కఠినులని మేము అనడం లేదు. పరిహారం కేసులు వినే కార్మిక శాఖ అధికారులకే తనిఖీలు, వివాదాలు, సంక్షేమ పథకాలు వంటి ఇతర పనులూ ఉంటాయి. మంచి అధికారి ఉన్నచోట కూడా ఫైలు నిలిచిపోతోందంటే లోపం వ్యక్తులలోనే లేదు. గాయపడినవాడే తిరిగి తిరిగి తన గాయాన్ని రుజువు చేసుకోవాలన్న పద్ధతిలో ఉంది.

లేఖనం ఏ వైపు నిలిచింది?

నిర్గమకాండము 21వ అధ్యాయాన్ని మనం తరచుగా దాటేసి చదువుతాము. దెబ్బతిన్నవాడు మంచం పట్టితే, కొట్టినవాడు అతని పని దినాల నష్టాన్ని చెల్లించి పూర్తిగా బాగుచేయించాలని 19వ వచనం ఆదేశిస్తుంది. దాసుని కన్నుగాని పన్నుగాని పోగొట్టిన యజమాని అతన్ని స్వతంత్రునిగా పంపివేయాలని 26, 27 వచనాలు చెబుతాయి. బలహీనుని శరీరానికి విలువ కట్టి, ఆ విలువను ధర్మంగా కాక బాధ్యతగా ఉంచినవాడు మన దేవుడు.

మెఫీబోషెతును గుర్తుచేసుకోండి. ఐదేళ్ల వయస్సులో దాది చేతులలోనుండి పడి రెండు కాళ్లూ కుంటివైన బిడ్డ. అతడు రాజు గుమ్మం ముందు అర్జీ పట్టుకొని నిలబడలేదు. సౌలు ఇంటివారిలో ఇంకా ఎవరైనా ఉన్నారా అని దావీదే వాకబు చేసి, లోదెబారునుండి పిలిపించాడు. బల్లయొద్ద భోజనం పెట్టాడు, దానికంటె ముందు అతని తాత భూమిని తిరిగి ఇచ్చాడు, దాన్ని సాగుచేసే పని సీబాకు అప్పగించాడు (2 సమూయేలు 9). భోజనం కనికరం, భూమి హక్కు. దావీదు రెండూ ఇచ్చాడు. మన కార్యాలయాల్లో మాత్రం కుంటివాడే రాజును వెతుక్కుంటూ తిరుగుతున్నాడు.

సంఘం ఏమి చేయగలదు?

సహోదరుడు గాయపడితే మనం ప్రార్థన విన్నపంలో పేరు చదువుతాము, కానుక పోగుచేస్తాము, పండ్లు తీసుకొని పరామర్శిస్తాము. అవి మానవద్దు. వాటితోపాటు మరికొన్ని చేద్దాము. ఆస్పత్రికి వెళ్లిన కాపరిగాని డీకనుగాని చీటీలో ప్రమాదం పనిచోట జరిగిందని రాశారో లేదో చూడాలి. తోటి పనివారి పేర్లు, కూలి అందిన ఫోన్ పే వివరాలు, పనిచోటు ఫొటోలు ఆ వారంలోనే భద్రపరచాలి. ఈఎస్ఐ కోత జరుగుతోందేమో అడగాలి. ఆ పరిధిలో ఉంటే పరిహారం కేసుకు బదులు ఈఎస్ఐ నుంచే సగటు వేతనంలో 90 శాతం తాత్కాలిక వైకల్య భృతి వస్తుంది, పనిలో గాయానికి ఇన్ని నెలల చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కార్మికులకు, వికలాంగులకు, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. చదువుకున్న యువతీ యువకులు ఒక్కొక్క కుటుంబానికి తోడుగా కార్యాలయానికి వెళ్లినా చాలు, అధికారి మాట తీరు మారుతుంది.

మన ఇల్లు కూడా మనం చూసుకోవాలి. మందిరం కట్టేటప్పుడు సెంట్రింగ్ ఎక్కిన కూలీకి బీమా ఉందా? అతడు పడితే కమిటీ ఏమి చేస్తుంది? పునాదిరాయి వేసే రోజునే ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోవాలి.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. 1923 చట్టం స్థానంలో పరిహారం ఇప్పుడు దాని ఏడవ అధ్యాయం కిందికి వచ్చింది. ఇంటినుండి పనికి వెళ్లి వచ్చే దారిలో జరిగే ప్రమాదాలను కూడా, పనితో సంబంధం తేలితే, పరిగణిస్తామంటోంది. ఇది మంచి మార్పే. కానీ పాత చట్టం చెడ్డదై పేదవాడు ఓడిపోలేదు. దాన్ని నడిపించే చేతులు చాలక ఓడిపోయాడు. ఖాళీ పోస్టులు ఎన్ని, మూడు నెలలు దాటిన కేసులు ఎన్ని అని మన ఎమ్మెల్యేలను అడిగే హక్కు ఓటరుగా ప్రతి విశ్వాసికీ ఉంది.

లూకా 18వ అధ్యాయంలోని విధవరాలు ఎవ్వరూ తోడు లేకుండా న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వెళ్లింది. విసుగక ప్రార్థించాలని ప్రభువు ఆ ఉపమానం చెప్పాడు. ఆమె కోరినది న్యాయమే అన్న సంగతి కూడా మరువవద్దు. ఈ వారం మీ సంఘంలో పనిలో గాయపడి ఇంట్లో ఉన్నవారెవరో వాకబు చేయండి. ప్రమాదం జరిగిన తేదీ అడగండి. రెండేళ్లు ఇంకా నిండకపోతే, సోమవారం ఉదయం ఎవరో ఒకరు అతనితో కలిసి కార్మిక శాఖ కార్యాలయానికి బయలుదేరండి.