నీటి అడుగు విద్య – గురువు బాధ్యత

విద్యలన్నియు ఒక్క తీరువి కావు. లెక్క తప్పిన విద్యార్థి మరల మొదటినుండి చేయవచ్చును. మగ్గముపై పోగు తెగినచో ఎమ్మిగనూరు నేతగాడు ముడివేసి పని సాగించును. సిలిండరులోని గాలిని పీల్చుచు నీటి అడుగునకు దిగు విద్య అట్టిది కాదు. అచ్చట జరిగిన పొరపాటును దిద్దుకొనుటకు పలుమారు వ్యవధి ఉండదు. అట్టి విద్యను నేర్పువాడు ఎట్టివాడై ఉండవలెను, శిష్యుని ప్రాణమునకు అతడెంతవరకు బాధ్యుడు అను విషయమును మన విద్యార్థుల యెదుటను, కళాశాల కమిటీవారి యెదుటను ఉంచదలచితిమి.

కోసిగికి సముద్రమెక్కడ, మనకీ చర్చ ఎందులకు అని కొందరనవచ్చును. నేడు విశాఖపట్నమున ఋషికొండ తీరమున స్కూబా డైవింగు నేర్పువారున్నారు. మన ఊరి స్టేషనులో రైలెక్కి చదువులకు, ఉద్యోగములకు దూరప్రాంతములకు పోవు యువకులు తక్కువవారు కారు. పైగా ఆ విద్య వట్టి వినోదము కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ పడవను వెలికి తీయుట అక్టోబరు 22 వరకు సాధ్యపడలేదు. ధర్మాడి సత్యంగారి బృందము దానిని ఒడ్డునకు చేర్చుటలో, లోతునకు దిగి త్రాళ్ళు కట్టిన డైవర్ల పాత్ర గొప్పది. అట్టి నేర్పు దేశమునకు అవసరము. అవసరము గనుకనే దానిని నేర్పు పద్ధతి సక్రమముగా ఉండవలెను.

ఈ విద్యలోని అపాయము ఎట్టిదో ముందుగా తెలిసికొందము. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము అదనముగా పైబడును. 30 మీటర్ల వద్ద పీడనము ఒడ్డుననున్న దానికి నాలుగు రెట్లు. కనుక సిలిండరులోని గాలి కూడ నాలుగు రెట్లు త్వరగా తరిగిపోవును. ఆ పీడనమున గాలిలోని నత్రజని రక్తమాంసములలో కరగును. తొందరపడి పైకి వచ్చినచో అది బుడగలై కీళ్ళను, నరములను, ఒక్కొక్కప్పుడు ప్రాణమునే హరించును. హాల్డేన్ అను శాస్త్రవేత్త మేకలపై ప్రయోగములు చేసి, మెట్టుమెట్టుగా ఆగుచు పైకి రావలెనని 1908లో పట్టికలు ప్రకటించెను. వినోదమునకు దిగువారికి 40 మీటర్లు హద్దు. ఆ హద్దు దాటి, పలు వాయు మిశ్రమములతో దిగుటనే టెక్నికల్ డైవింగు అందురు. అచ్చట ప్రాణవాయువు సైతము విషమగును. శుద్ధమైన ఆక్సిజనును 6 మీటర్లకు మించిన లోతున పీల్చరాదని నియమము. ఒక సిలిండరుకు బదులు మరొకటి నోట పెట్టుకొన్నచో మూర్ఛ కలిగి మునిగిపోవచ్చును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి కలదు. లోతున నత్రజని మత్తువలె పనిచేసి బుద్ధిని మందగింపజేయును. మత్తులోనున్నవానికి తాను మత్తులోనున్నట్లు తోచదు. అనగా శిష్యుడు తన స్థితిని తానే తెలిసికొనలేని చోట గురువు అతనికి నేర్పుచున్నాడు. ఒడ్డుననున్నప్పుడైనను, అపాయమెట్టిదో ఎరుగని శిష్యుడు తన గురువు సమర్థుడా కాడా అని పరీక్షింపజాలడు. బాధ్యత గురువుపై ఎక్కువగా ఉండవలెనని మేము చెప్పుటకు కారణమిదియే.

2020 నవంబరు 1న అమెరికాలోని మోంటానా రాష్ట్రమున, గ్లేసియర్ నేషనల్ పార్కులోని మెక్‌డొనాల్డ్ సరస్సులో శిక్షణ పొందుచు 18 ఏండ్ల విద్యార్థిని ఒకతె మరణించెను. చన్నీటికై ధరించు డ్రై సూట్ లోతునకు పోయినకొలది దేహమును నొక్కును. దానిలోనికి గాలి నింపు గొట్టము తగిలింపకయే ఆమెను నీటిలోనికి దింపిరనియు, ఆమె జేబులలో అధికమైన బరువులు ఉంచిరనియు, ఆ దుస్తులతో నేర్పుటకు శిక్షకురాలికి తగిన అర్హత లేదనియు కుటుంబమువారు దావాలో తెలిపిరి. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు సముద్ర రహస్యము కాదు. ఒడ్డున అయిదు నిమిషములు నిలిచి చూచినచో కనబడు విషయములే.

ఒక నీటి గురువు అన్ని నీళ్ళకు గురువు కాడనుట కూడ గుర్తింపదగినది. ఫ్లోరిడాలో నీటి గుహల వాకిళ్ళయందు హెచ్చరిక పలకలు నాటియున్నారు. ఇట్టి గుహలలో 300 మందికి పైగా డైవర్లు మరణించిరనియు, వారిలో డైవింగు శిక్షకులు కూడ ఉన్నారనియు ఆ పలకలు చెప్పుచున్నవి. వారికి సర్టిఫికెట్లు లేక కాదు. వారి సర్టిఫికెట్లు విశాల సముద్రమునకు సంబంధించినవి, గుహకు కావు.

ఉర్దూలో ఉస్తాద్ అను మాట కలదు. తాలింఖానాలో ఉస్తాద్ శిష్యుని బలము చూచిన పిమ్మటనే జోడీ కట్టును. బలము చాలనినాడు "ఇంకను ఆరు నెలలు కసరత్తు చేయుము" అనును. నీటి అడుగు విద్యలో గురువునకు ఉండవలసిన ప్రథమ గుణమదియే. "నేడు దిగవద్దు" అని చెప్పగలవాడే గురువు. రుసుము ముట్టినదని, శిష్యుడు దూరమునుండి వచ్చినాడని, మిగిలినవారు నవ్వుదురని మాట మార్చుకొనువాడు గురువు కాడు. తాను నేర్పు లోతునకు తాను తరచు దిగి అభ్యాసము చేయుట, తన కన్ను ఆననంత మందిని ఒక్కసారి దింపకుండుట, ప్రతి పరికరమును తన చేతితో తడిమి చూచుట ఆ తరువాతి గుణములు.

పెద్దవారు తమ యిష్టమున సంతకము చేసి దిగుచుండగా గురువును తప్పుపట్టుట న్యాయమా అని ప్రశ్నింతురు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. సముద్రమునకు స్వభావసిద్ధమైన అపాయము కలదు. దానిని ఎరిగి అంగీకరించిన శిష్యుడు దానిని భరింపవలసినదే. కాని తగిలింపని గొట్టమునకు, లేని అర్హతకు ఎవడును సంతకము చేయలేదు. తెలియని దానికి చేసిన సంతకము సమ్మతి కాజాలదు.

మన పల్లెలలో దిగుడుబావిలో ఈత నేర్పు పెద్దలకు ఏ సర్టిఫికెట్టును లేదు. అయినను పిల్లవాని నడుమునకు త్రాడు కట్టి, ఎండు సొరకాయబుర్ర తగిలించి, ఆ త్రాటి కొనను చేత పట్టుకొనియే నేర్పుదురు. ఆ నేర్పు 40 మీటర్ల లోతునకు చాలదు. ఆ త్రాటిని విడువని చేయి మాత్రము ఏ లోతునకైనను కావలెను. చేత త్రాడు లేనిచోటనే వేసవులలో తుంగభద్రయందును, కాలువలయందును, బావులయందును పిల్లలు మునిగిపోవుచున్నారు.

కనుక కమిటీవారికి మా మనవి. విహారయాత్రలో గాని, క్రీడలలో గాని విద్యార్థులను నీటియొద్దకు పంపునప్పుడు నాలుగు ప్రశ్నలు వ్రాతమూలకముగా అడుగుడు. నేర్పువాడు ఈ నీటికి, ఈ పనికి అర్హుడా? ఒక్కనికి ఎందరు శిష్యులు? పరికరములు ఎవరు పరీక్షించిరి? ఆపద వచ్చినచో ఆక్సిజను, వైద్యుడు ఎంత దూరమున కలరు? జవాబు రానిచోటికి పంపకుడు. విద్యార్థి సోదరులారా, మీరును ప్రశ్నించుటకు సిగ్గుపడకుడు. ప్రశ్నకు కోపగించు గురువుతో ఒడ్డుననే సెలవు తీసికొనుట మేలు.