ఇప్పపూవు, శరత్సంధ్య

చెన్నూరు వద్ద గోదావరి ఉత్తరమునకు తిరుగును. పంచక్రోశ ఉత్తరవాహినియని ప్రసిద్ధి. కార్తీకము వచ్చుసరికి వేకువను రేవులు స్నానార్థులతో నిండును. ప్రొద్దు క్రుంకిన వెనుక చలి మెల్లగా దిగును. ఆ శరత్సంధ్యలకే అమెరికాలోని రసికులు బూర్బన్ కలుపుకొందురు: ఇంత చక్కెర, మూలికల చేదురసము రెండు చుక్కలు, మంచుగడ్డ, పైని నారింజ తొక్క. మద్యము, చక్కెర, నీరు, చేదు, ఇదియే కాక్‌టైలని 1806లో న్యూయార్కు రాష్ట్రపు పత్రిక యొకటి నిర్వచించినది. సూత్రము నేటికిని పెద్దగా మారలేదు.

బూర్బన్ మక్కల బిడ్డ. ధాన్యమున నూటికి 51 పాళ్లైనను మక్కలుండవలెను, లోపల కాల్చిన క్రొత్త ఓకు పీపాలో నిలువ యుంచవలెను, రంగు కలుపరాదు. కెంటకీ రైతుల యింటి సారా యది. 1964లో అమెరికా కాంగ్రెసు దానిని స్వదేశపు విశిష్ట వస్తువుగా ప్రకటించినది.

ఆదిలాబాదు అడవులలోని యిప్పసారాకు అట్టి భాగ్యము పట్టలేదు. వసంతమున రాత్రివేళ రాలిన పూలను తెల్లవారకముందే స్త్రీలును పిల్లలును ఏరుదురు. ఎండిన పూవు ద్రాక్షవలె ముడుతపడి నెలల తరబడి నిలుచును; కనుకనే చైత్రపు తీపి కార్తీకమునకు అందును. నానబెట్టి, ఊట పులిసిన పిదప కుండ క్రింద మంట పెట్టుదురు. పైకుండలోని చన్నీటికి ఆవిరి తగిలి లోపలి పాత్రలోనికి చుక్కలుగా జారును. మంట ఎప్పుడు తగ్గింపవలెనో ముక్కు చెప్పవలసినదే, గడియారము చెప్పలేదు! గోండుల కొలువులలో తొలిచుక్క దేవరలకు. ఇంతటి నేర్పును ప్రభుత్వములు నేరముగానే చూచినవి. బొంబాయి రాజధానిలో 1892 నాటి చట్టము పూవు నిలువపైననే ఆంక్ష విధించినది.

సారావలన కూలిన కాపురములు మరువరానివి. 1992లో దూబగుంట స్త్రీలు లేచినది అందుకే. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. ఆ స్త్రీల మాటకు ఎదురుమాట లేదు. కాని వారు తిరుగబడినది వేలముపాటలో హక్కు కొని యూరూర దుకాణము తెరచిన వ్యాపారముపై. జాతరకు కాచుకొన్న కుండయు, కంట్రాక్టరు సంచియు ఒకటి కావు.

1996 నాటి పెసా చట్టము షెడ్యూలు ప్రాంతములలో మత్తుపదార్థముల నిషేధ నియంత్రణాధికారమును, చిల్లర అటవీ ఫలసాయముపై యాజమాన్యమును గ్రామసభకును, తగిన స్థాయి పంచాయతీలకును చెప్పినది. ఆ సభలో స్త్రీలు వలదన్నచోట కుండ ఆరవలసినదే. ఔనన్నచోట మాత్రము అనుమతిపత్రము కాచువారి పేరనే యుండవలెను. వేలముపాట తిరిగి రారాదు. మధ్యప్రదేశము 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యముగా గుర్తించినది. ఇచ్చట ఉట్నూరు ఆదివాసీ స్త్రీల ఇప్పపూల లడ్డూలకు ఇప్పటికే పేరు వచ్చినది. నారింజ తొక్కకు, తాటిబెల్లమునకు, నేలవేము చేదుకు ఈ సీమలో కొరత లేదు.