పరరేవులలో మన నావికులు

1978లో అమోకో కాడిజ్ అను నూనెయోడ ఫ్రాన్సుతీరమున బ్రద్దలై, రెండులక్షల టన్నులకు మించిన నూనె సముద్రముపాలయ్యెను. ఆ యుపద్రవముతో కన్నులు తెఱచి 1982లో ఐరోపా రాజ్యములు పారిసునగరమున నొక యొడంబడిక చేసికొనెను. తమ రేవులకు వచ్చు పరదేశపు టోడలను తనిఖీచేసి, ఘోరమైన లోపము గన్పట్టినచో కదలనీయక నిలుపు పద్ధతి దానివలన స్థిరపడెను. హిందూమహాసముద్ర తీరమునను 1999 నుండి యిట్టి యేర్పాటు గలదు. దాని కార్యస్థానము గోవా.

తనిఖీ యధికారి పత్రములు చూచి తృప్తిపడడు. ప్రాణరక్షక పడవను దింపుమనును. అగ్నిమాపకపు పంపును నడపుమనును. 2006 నాటి నావికశ్రామికుల యొడంబడిక ననుసరించి జీతము, ఆహారము, విశ్రాంతి గంటలనుగూర్చియు విచారించును. ఇతడు నావికునకు శత్రువా? ఓడ నిలిచిన యజమానికి ధననష్టము, జెండాకు అపకీర్తి. ఆపదలో పడవ దిగకున్న నావికునకు ప్రాణమే నష్టము. కావున నీ పరీక్ష ముందుగా రక్షించునది నావికునే.

1948లో విశాఖపట్టణమున నెహ్రూ పండితుడు జలఉషను నీటికి దింపినాడు. ఓడలు గట్టితిమి, వానిని నిర్దుష్టముగా నడపువారిని తీర్చిదిద్దుట యంతకంటె కష్టము. విశాఖలో నేడు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ శాఖ గలదు. సముద్రము నెన్నడు చూడని పెద్ద అంబర్‌పేట్ యువకుడును నావికవిద్య నభ్యసింపవచ్చును. అప్పుచేసి రుసుము చెల్లించు తల్లిదండ్రులారా! ఏ విద్యాలయమున జేర్చినను “ఉద్యోగ మిప్పింతురా?” యని యడుగుటకు ముందు “మా బిడ్డచేత పడవను దింపింతురా, పంపును నడిపింతురా?” యని యడుగుడు. యోగ్యతాపత్రము మంటల నార్పజాలదు గదా!