ఇంకో కొట్టు చూసుకోవచ్చుగా!

మేం ఇల్లు కట్టుకునేటప్పుడు సిమెంటు కొనే పని నా మీద పడింది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి కొట్లు మూసేసేవారు మరి. ఒక వారం బస్తా మీద ముప్ఫై రూపాయలు పెరిగింది. "నీకు బేరం రాదు, ఇంకో కొట్టు చూసుకోవచ్చుగా" అన్నారు మా అత్తగారు. మూడు కొట్లు తిరిగాను, మూడు బ్రాండ్లు అడిగాను. అన్నిచోట్లా అదే ధర. "మా చేతిలో ఏముందమ్మా, పైనుంచే అలా వస్తోంది" అన్నాడు ఆఖరి కొట్టాయన.

ఇప్పటికీ ఆ "బేరం రాదు" అన్న మాటే నాకు ఒళ్లు మండిస్తుంది. గోంగూర కట్ట దగ్గర నేను ఎవరికీ తీసిపోను. కానీ అమ్మేవాళ్లంతా ముందే కూడబలుక్కుంటే నా బేరం దేనికి పనికొస్తుందండీ? సిండికేట్ అన్న మాట మనకి కొత్తా? మద్యం షాపుల వేలాలప్పుడు పేపర్లో చదివిందే.

దీనికో చట్టం ఉంది. 2002లో చేసిన కాంపిటీషన్ చట్టం. కుమ్మక్కుల మీద అది అమల్లోకి వచ్చింది 2009 మేలో. ధరలు ఒకటిగా ఉన్నంత మాత్రాన తప్పనదు. బొగ్గు ధర పెరిగితే అందరూ పెంచుతారు. పోటీ పడాల్సినవాళ్లు మాట్లాడుకుని పెంచారా, సరుకు తొక్కిపెట్టారా అన్నదే కాంపిటీషన్ కమిషన్ చూస్తుంది.

సిమెంటు సంగతీ చూసింది. బిల్డర్ల సంఘం ఫిర్యాదు చేస్తే దర్యాప్తు చేయించింది. సామర్థ్యం ఉండి కూడా ఉత్పత్తి తగ్గించారని, తమ సంఘం ద్వారా ధరల సమాచారం పంచుకున్నారని తేల్చి, 2012 జూన్‌లో 11 కంపెనీలకు సుమారు 6,300 కోట్ల జరిమానా వేసింది. శభాష్ అనుకున్నాను. 2015లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. వాదనలు వినని ఛైర్మన్ తీర్పు మీద సంతకం పెట్టారట! మా వీధి పంచాయితీలో కూడా అలా చెయ్యరు. మళ్లీ విని 2016లో మళ్లీ జరిమానా వేశారు. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ సరేనంది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఈలోగా మా ఇల్లు రెండుసార్లు సున్నం వేయించుకుంది.

కమిషన్ ఎందుకు, మార్కెట్టే చూసుకుంటుంది అనేవాళ్లతో నాకు పేచీ. 11 కంపెనీలు ఒక గదిలో కూర్చుంటే ఆ తలుపు కొట్టే అధికారం నాకు లేదు, దానికుంది. నా ఫిర్యాదు వేరే. ఆ జరిమానా వసూలైనా వెళ్లేది కేంద్ర ఖజానాకి. బస్తాకి ఎక్కువ కట్టిన ఇల్లాలికి ఒక్క రూపాయి రాదు. నష్టపరిహారం అడగొచ్చని చట్టంలో 53ఎన్ సెక్షన్ ఉంది, నిజమే. కానీ ముందు తప్పు రుజువు కావాలి, తర్వాత ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, నా నష్టం ఇంత అని లెక్క చూపాలి. ముప్ఫై రూపాయల చొప్పున నాలుగొందల బస్తాలకి పన్నెండు వేలు. వకీలు ఫీజుకి చాలదు.

"దేశంలో ఇన్ని కొంపలకి ఎలా పంచుతారే?" అని నవ్వారు మా ఆయన. ఎప్పుడో ఏళ్ల కిందట వాడిన కరెంటుకి ట్రూ అప్ అని లెక్కకట్టి, పైసలతో సహా మా ఇంటి బిల్లులో వేశారుగా. అదెలా కుదిరింది?